టాకెట్ షెడ్డులో మోగే కారు

మావైపు, ఇండియానాలో, పొద్దుగూకితే టాకెట్ వాళ్ల షెడ్డు ముందు నుంచి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. చుట్టుదారైనా సరే, మొక్కజొన్న చేల వెనక నుంచి తిరిగి పోయేవాళ్లు.

ఎందుకంటే — ఆ షెడ్డులో కారు మోగేది.

ఇంట్లో దీపం ఉండదు. షెడ్డు తలుపు మూసే ఉంటుంది. లోపల మాత్రం పెద్ద ఇంజను గుర్రుమంటూ... ఉన్నట్టుండి గర్జించి... మళ్లీ అణిగిపోయేది. పోనీ ఎవరో నడుపుతున్నారనుకుందామంటే, మంచు పడ్డ రోజుల్లో కూడా తలుపు ముందు టైరు జాడ ఒక్కటి కనబడదే!

"ముసలాడు పెళ్లాన్ని చంపి ఆ కారులోనే కూర్చోబెట్టాడట" అనేవాళ్లు కొందరు. ఆవిణ్ణి చూసి ఏళ్లయింది మరి.

గ్లెండా స్టకీ ఇవన్నీ విన్న మనిషే. పాత కార్లకు విలువ కట్టడం ఆవిడ పని, పోగేసుకోవడం ఆవిడ పిచ్చి. టాకెట్ల పాంటియాక్ జీటీవో కారు మీద ఆవిడకి ఎప్పట్నుంచో కన్ను. అరవై తొమ్మిదిలో ఫ్యాక్టరీ బిగించిన ఇంజనే ఇంకా అందులో ఉందని చెప్పుకునేవారు. అలాంటి బండికి ఆ ఇంజనే ప్రాణం. అది మారిందంటే, పైన ఎంత మెరిసినా కొనేవాడు పెదవి విరుస్తాడు.

ఫోన్ చేస్తే ఆ ముసలాయన, ఓర్విల్ టాకెట్, పెట్టేశాడు. "నేరుగా వెళ్తే తిడతాడు, అంతేగా" అనుకుని, ఒక జనవరి సాయంత్రం చీకటి పడుతుండగా వెళ్లింది.

రోడ్డు మీద తన ట్రక్కు ఆపి, మంచులో నడుచుకుంటూ సగం దూరం వచ్చిందో లేదో — మోగింది.

కాళ్లు అక్కడే ఆగిపోయాయి. షెడ్డు చెక్కల సందుల్లోంచి సన్నటి పసుపు వెలుగు... అదీ వణుకుతోంది.

వెనక్కి తిరగబోయింది. అంతలో ఒకటి తట్టింది. మూసిన షెడ్డులో ఇంజను! లోపల ఎవరైనా ఉంటే ఆ పొగకి బతుకుతారా?

పరుగెత్తింది. భుజంతో తలుపు నెట్టింది.

ఎర్ర కారు అదురుతోంది. ముందు సీట్లో, తలకి రుమాలు కట్టుకున్న ముసలావిడ... కళ్లు తెరిచే ఉన్నాయి... రెప్ప పడటం లేదు... ఆ చూపు ఎటూ లేదు.

గ్లెండా కెవ్వుమనబోయింది.

స్టీరింగు దగ్గర కూర్చున్న ఓర్విల్ పెదవుల మీద వేలు పెట్టాడు.

"ఎవరది?" అంది ముసలావిడ.

"పెట్రోలు బంకు దగ్గర ఆగాం, మేవిస్. తెలిసినమ్మాయి, గ్లెండా అని, పలకరిస్తోంది." ఏదో మీట తిప్పాడు. మోత ఆగింది. "డబ్బులిచ్చి వస్తానుండు."

గ్లెండాని ముందు వైపుకి తీసుకెళ్లి బానెట్ ఎత్తాడు.

ఇంజను లేదు.

అదుండాల్సిన చోట గోనె బస్తా అంత స్పీకరు, ఒక క్యాసెట్ ప్లేయరు.

"బండి మా ఆవిడది," అని గుసగుసలాడాడు. "టమాటాలు డబ్బాల్లో నింపే క్యానరీలో పనిచేసి, నన్ను చేసుకోకముందే కొనుక్కుంది. చూపు పోతోందని ఆపరేషన్లు చేయించాం... ఆ ఖర్చుకి ఇంజను అమ్మేశా. అమ్మే ముందు దాని గొంతు టేపు మీద పట్టుకున్నా. చూపు రాలేదు. ఆసుపత్రి నుంచి రాగానే 'బండిలో తిప్పు' అంది. ఏం చెప్పమంటావు?"

"ఆవిడకి తెలీదా?"

"తెలిస్తే తట్టుకోలేదు."

టేపు తిప్పి పెట్టడానికి వంగాడు. చలికి కొంకర్లు పోయిన వేళ్లు, ఎంతకీ పట్టు దొరకలేదు.

అతనికి చోటిస్తూ గ్లెండా కారు తలుపు దాకా జరిగింది; ఈలోగా పక్క అద్దం కిందికి దిగింది. మేవిస్ చెయ్యి తడుముకుంటూ వచ్చి గ్లెండా కోటు చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్... మా ఇల్లు దాటగానే వాగు మీద చెక్కల వంతెన. బండి ఎక్కితే దడదడలాడాలి. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆడలేదు."

గ్లెండా ఎత్తి ఉన్న బానెట్ వైపు చూసింది.

"ఆయనకి చెప్పకు. నన్ను బాధపడకుండా చూసుకుంటున్నానని ఆ ఒక్క ఊరటతో బతుకుతున్నాడు పిచ్చి మనిషి."

ఓర్విల్ వచ్చి కూర్చున్నాడు. "బయల్దేరదామా?"

"నెమ్మదిగా పోనీ. వంతెన వస్తుంది."

గ్లెండా వచ్చిన పని ఊసెత్తలేదు. బయటికొచ్చి తలుపు మూసింది. లోపల ఇంజను గర్జించింది. ట్రక్కు దాకా వెళ్లింది... తాళం చేతిలో పట్టుకుని నిలబడింది... మళ్లీ వెనక్కొచ్చింది. గ్లౌజులు తీసి, రెండు అరచేతుల్తో షెడ్డు చెక్కల మీద దడదడా బాదింది. ముందు చక్రాలకి ఒకసారి, వెనక చక్రాలకి ఇంకోసారి.

లోపల మేవిస్ నవ్వు.

"విన్నావా ఓర్విల్? వంతెన!"

ఇంజను మోత తగ్గింది. తర్వాత ముసలాయన గొంతు —

"మేవిస్... నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మాటలాపి రోడ్డు చూడు."