నూట నలభై మూడు నిమిషాలు

లంచ్ తరువాతి పీరియడ్‌లో శరణ్య లెక్కల నోట్‌బుక్ చివరి పేజీ తెరిచి ఇంకో గీత గీసింది. బోర్డు పైనున్న గడియారం చూసి నిమిషానికి ఒక గీత. నాలుగు నిలువు గీతలయ్యాక అయిదోది వాటి మీదుగా అడ్డంగా.

శ్రీనివాసరావు సార్ ఆరో క్లాసుకి లెక్కలు చెబుతారు. జూన్‌లోనే ఈ స్కూలుకి వచ్చారు. ప్రతి పాఠానికీ ముందు చొక్కా జేబులోంచి పోస్టుకార్డంత అట్ట ఒకటి తీస్తారు. దాన్ని చూస్తూ ఆ లెక్క ఎక్కడ పుట్టిందో, ఎవరికి అవసరమై పుట్టిందో చెబుతారు. ఆ తరువాతే బోర్డు మీద లెక్కలు.

ఆ కథలకు పట్టే నిమిషాలనే శరణ్య లెక్కపెడుతోంది. క్లాసులో ఎప్పుడూ ఆమెదే ఫస్ట్ ర్యాంకు. బి సెక్షన్ వాళ్లు రెండు పాఠాలు ముందున్నారని ఆమెకు బెంగ.

"మినిట్స్ మేడం, ఈ రోజు ఎంత?" పక్క బెంచీలోని గిరి గుసగుసగా అడిగాడు.

"ఏడు. మాట్లాడించబాక."

ఆ రోజే టెస్టు పేపర్లు ఇచ్చారు. శరణ్యకు యాభైకి ముప్పై ఎనిమిది వచ్చాయి. ఐదు వేల మూడు అని అంకెల్లో రాయాల్సిన చోట తొందరలో 503 అని రాసింది. దాంతో ఆ లెక్క మొత్తం పోయింది.

క్లాసులో తొమ్మిది మంది అదే తప్పు చేశారు. సార్ ఎవర్నీ కోప్పడలేదు. జేబులోంచి అట్ట తీశారు. చాలా కాలం కిందట కొందరు అంకె లేని చోటును ఊరికే ఖాళీగా వదిలేసేవారని చెప్పారు. తరువాత, దేశం విడిపోకముందు మనదిగా ఉన్న ఒక ఊళ్లో మట్టి తవ్వుతుంటే చెట్టు బెరడు మీద రాసిన ఒక పాత లెక్కల పుస్తకం బయటపడిందట. అందులో అంకెల మధ్య అక్కడక్కడా నల్లటి చుక్కలు ఉన్నాయట.

"ఆ చుక్క ఎందుకు పెట్టినారు?" అని సార్ అడిగారు.

స్కూలు గోడ అవతల పై వంతెన మీద రైలు వచ్చింది. రైలు వెళ్లేదాకా సార్ ఎప్పుడూ మాట ఆపుతారు. అది వెళ్లేసరికి బెల్ కొట్టారు.

"మిగతాది రేపు," అని సార్ అట్టను జేబులో పెట్టుకున్నారు.

శరణ్య గీతలు లెక్కపెట్టుకుంది. జూన్ నుంచి మొత్తం నూట నలభై మూడు.

సాయంత్రం అమ్మ కోకిల టెస్టు పేపరు చూసింది. ముప్పై ఎనిమిదేంది అని అడిగింది. శరణ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తొందరలో సున్నా మరిచానని చెప్పవచ్చు. అది చెప్పలేదు. నోట్‌బుక్ చివరి పేజీ తీసి చూపించింది.

"సార్ కథలు చెప్తానే ఉంటారమ్మా. పాఠాల పోర్షన్ అసలు ముందుకు పోవడం లేదు."

అమ్మ ఆ పేజీని ఫోనులో ఫొటో తీసింది. పేరెంట్స్ గ్రూపులో పెట్టింది. రాత్రి అన్నాల వేళకు ఆ ఫొటో కింద ఇరవై మంది ఏదో ఒకటి రాశారు.

మరునాడు సార్ క్లాసుకి అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్ గదిలోంచి వస్తున్నారని గిరి చెప్పాడు. సార్ హాజరు తీసుకున్నారు. బోర్డు వైపు తిరిగి, "ఎక్సర్‌సైజ్ రెండు," అన్నారు.

జేబులో అట్ట అంచు కనబడుతూనే ఉంది. సార్ దాన్ని తీయలేదు.

మరునాడూ తీయలేదు. ఆ తరువాత జేబులో అట్ట కూడా లేదు. రైలు వెళుతున్నా సార్ మాట ఆపడం మానేశారు. మూడు వారాల్లో హాఫ్ ఇయర్లీ వరకూ పోర్షన్ పూర్తయింది. బి సెక్షన్ కన్నా ముందే అయింది.

శరణ్యకు సంతోషంగా ఉండాలి. గడియారం చూడటం అలవాటై, ఇప్పుడూ చూస్తోంది. గీయడానికి మాత్రం గీతలేమీ లేవు. నిన్నటి లెక్కలూ ఇవాళ్టి లెక్కలూ ఒకేలా ఉంటున్నాయి. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆ చుక్క గుర్తొస్తోంది. ఎందుకు పెట్టారో తెలియలేదు.

హాఫ్ ఇయర్లీ పరీక్షలకు ముందు శరణ్య క్లాసు నోట్‌బుక్కులు మోసుకుని స్టాఫ్ రూమ్‌కి వెళ్లింది. సార్ లేరు. ఆయన బల్ల మీద మూత తీసిన బిస్కెట్ డబ్బా ఒకటి ఉంది. దాని నిండా అట్టలు. పైనున్న దాని మీద గుండ్రటి చిన్న అక్షరాలు. బోర్డు మీద సార్ రాత పొడుగ్గా, వాలుగా ఉంటుంది. ఇది ఆయన రాత కాదు.

శరణ్య చెయ్యి చాపింది.

"అవి ముట్టబాకమ్మా," అన్నారు పక్క బల్ల దగ్గర పేపర్లు దిద్దుతున్న సైన్స్ పంకజం మిస్. గొంతులో కోపం లేదు. "మేడంవి అవి."

ఏ మేడం అని శరణ్య అడిగింది. మిస్ పేపర్లు పక్కకు జరిపారు. తరువాత నెమ్మదిగా చెప్పారు. సార్ భార్య రాజశ్రీ మేడం ఇదే ఊళ్లో, వాషర్‌మెన్‌పేట్‌లోని ఒక స్కూల్లో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పారు. పాఠానికి ఒకటి చొప్పున ఆ అట్టలు రాసుకున్నారు. పోయిన ఏడాది చనిపోయారు.

"ఈ సంవత్సరం సార్ వాటితోనే పాఠం చెప్దామనుకున్నారు," అన్నారు మిస్. మళ్లీ పేపర్లలోకి తల వంచారు.

శరణ్య నోట్‌బుక్కులు బల్ల మీద పెట్టింది. తన నోట్‌బుక్ అన్నిటికన్నా పైన ఉంది. దాన్ని తీసుకుని గుమ్మం దాటింది. వరండాలో సార్ ఎదురొచ్చారు. చేతిలో టీ గ్లాసు ఉంది.

ఆమె చివరి పేజీ తెరిచి ఆయన ముందు పట్టుకుంది. 

"గ్రూపులో వచ్చిన ఫొటో ఇదే సార్. నేనే గీసినా."

సార్ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టారు. పేజీ మీద వేలు పెట్టి కట్ట కట్టగా గీతలు లెక్కపెట్టారు. ఇరవై ఎనిమిది కట్టలు. చివర మూడు.

"నూట నలభై మూడు," అన్నారు. "ఇట్లా అయిదోది అడ్డంగా గీయను నీకెవరు నేర్పించినారు?"

"మీరే సార్. మొదటి రోజు. ఎముక మీది గాట్లు చెప్పినప్పుడు."

సార్ ఆ పేజీని చాలాసేపు చూశారు. మేడం రాసిన మొదటి అట్ట అది అన్నారు. ఆఫ్రికాలో దొరికిన ఆ పాత ఎముక మీద ఎవరు ఏం లెక్కపెట్టారో ఇప్పటికీ ఎవరికీ తెలియదని ఆ రోజు చెప్పింది గుర్తుందా అని అడిగారు. శరణ్య తల ఊపింది.

"నీ లెక్క కరెక్టేనమ్మా. నిమిషాలు పట్టినాయి, నిజమే."

తిట్టి ఉంటే బాగుండేదని శరణ్యకు అనిపించింది.

"సార్, చుక్క కథ సగంలో ఉంది."

"ఆ అట్ట వెనక వైపు నేనూ చూడలేదు," అన్నారు సార్. "ఏ పాఠం వచ్చినప్పుడు ఆ పాఠం అట్ట చదువుతా. అన్నీ ఒకేసారి చదివేస్తే అయిపోతాయి కదా." గ్లాసు తీసుకున్నారు. "ఇప్పుడు పోర్షన్ అయిపోయింది. అవి మిగిలిపోయినాయి."

ఇంటికి వెళ్లాక శరణ్య అమ్మకు అంతా చెప్పింది. సున్నా తానే మరిచానని కూడా చెప్పింది. అమ్మ పొయ్యి కట్టేసి వచ్చి పక్కన కూర్చుంది.

"నేనూ ఒక మాట అడక్కుండానే పెట్టేసినా," అంది. తరువాత ఫోను తీసుకుని గ్రూపులో చాలాసేపు ఏదో రాసింది.

మరునాడు లెక్కల పీరియడ్ రివిజన్‌కి ఇచ్చారు. డౌట్లు ఉంటే అడగమన్నారు సార్. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. గడియారం కింద నిలబడి సార్ చాక్‌పీసు తిప్పుకుంటున్నారు.

శరణ్య లేచింది.

"నాకు ఉంది సార్. ఆ చుక్క ఎందుకు పెట్టినారు?"

గిరి ఆమె వైపు వింతగా చూశాడు. వెనక బెంచీలో ఎవరో, అవును సార్, అన్నారు. ఇంకొకరూ అన్నారు.

సార్ చాక్‌పీసు బల్ల మీద పెట్టారు. తరువాత బ్యాగు తెరిచి ఆ చుక్క అట్ట తీశారు. వెనక్కి తిప్పారు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. రైలు వచ్చింది, వెళ్లింది. రైలు వెళ్లాక కూడా ఆయన మొదలుపెట్టలేదు.

శరణ్య నడిచి వెళ్లి ఆయన పక్కన నిలబడింది. సార్ అట్టను ఆమె చేతికి ఇచ్చారు. కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డారు.

ఆ గుండ్రటి అక్షరాలు చదవడం తేలికే. శరణ్య పైకి చదివింది.

"ఖాళీ చోటును ఊరికే వదిలేస్తే రాసిన మనిషికి గుర్తుంటుంది. తరువాత చూసేవాళ్లకు తెలియదు. పక్క అంకెలు దగ్గరికి జరిగిపోయినట్టు కనిపిస్తాయి. ఐదు వేల మూడు కాస్తా యాభై మూడు అయిపోతుంది. అందుకే ఆ చోట చుక్క పెట్టారు. అంకె లేకపోయినా దాని చోటు దానికి ఉండాలి."

దాని కింద పెన్సిలుతో ఇంకో వాక్యం ఉంది. అది పిల్లల కోసం రాసింది కాదు. శరణ్య దాన్ని మనసులో చదువుకుంది.

*ఇక్కడ కాసేపు ఆగాలి. పిల్లల్ని తొందరపెట్టకూడదు.*

శరణ్య ఆగింది.

 గిరి తన టెస్టు పేపరు తీసి 503ను చూసుకుంటున్నాడు. కిటికీ దగ్గర సార్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు. తుడవడం ఎంతకీ అవలేదు.

గడియారం శరణ్య తల వెనక టిక్కు టిక్కుమంటోంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.