దొనలో పక్కె చేపలు

“పాపా, ఆ బకెట్ కొంచెం జరుపమ్మా, కాలు పెట్టేకి చోటు లేదు,” అన్నాడు కండక్టర్.

ధరణి బకెట్‌ను ఇంకా దగ్గరికి లాక్కుంది. దాని మూతకు నాయన మేకుతో చిల్లులు పొడిచాడు. లోపల్నుంచి టప్‌మని చప్పుడు వచ్చేసరికి కండక్టర్ ఉలిక్కిపడ్డాడు.

“ఏముండాదమ్మా దాంట్లో?”

“చేప. పేరు బుడంకాయ.”

“కూరకా?”

ధరణి చూసిన చూపుకు కండక్టర్ మారుమాట్లాడకుండా ముందుకు పోయాడు. నాయన నాగరాజు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

హిందూపురం షాపులో కొన్నప్పుడు బుడంకాయ చిటికెన వేలంత ఉండేది. అద్దానికి నోరు ఆనించి పాచి తింటూ ఉంటే ఇంటికి వచ్చినవాళ్ళంతా ముచ్చటపడేవాళ్ళు. ఇప్పుడది జానెడు దాటింది. నల్లటి ఒళ్ళు, గరుకు వీపు. తోక ఒక్కసారి ఆడిస్తే అద్దాల తొట్టిలోని నీళ్ళు టీవీ మీద పడేవి. “ఇంట్లో అదన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల,” అని అమ్మ తేల్చి చెప్పింది.

అదే వారంలో బుక్కపట్నం నుంచి అవ్వ ఫోన్ చేసింది. చెరువు నిండి మరువ పారుతోందట. చెరువు నిండినప్పుడు నీళ్ళు పొర్లిపోయే చోటే మరువ. ఆదివారం ఊరంతా అక్కడ గంగపూజ చేస్తారు. నీళ్ళకు పసుపు, కుంకుమ, చీర ఇస్తారు. అది వినగానే ధరణికి ఉపాయం తట్టింది. తనకు అన్నిటికన్నా ఇష్టమైన బుడంకాయను గంగమ్మకే ఇచ్చేస్తే? దానికి ఇంత పెద్ద చెరువు దొరుకుతుంది, గంగమ్మ సంతోషిస్తుంది, అమ్మ కూడా సంతోషిస్తుంది! స్కూల్లో అందరికీ చెప్పేసింది. పెనుకొండలో ఈ సంగతి తెలియని ఆరో తరగతి పిల్లలు ఎవరూ మిగల్లేదు.

బస్సు ఊరు దాటాక నాయన పాత మాటలు తీశాడు.

“నా చిన్నప్పుడు ఎండాకాలంలో చెరువు అడుగంటుతుండె. అప్పుడు ఊరంతా గంపలు పట్టుకొని బురదలోకి దిగుతుంటిమి. కొర్రమీన్లు, జెల్లలు, ఇంగిలాయిలు, పక్కెలు... పక్కెలంటే ఇంతే ఉంటాయి, వేలెడు. వెండి మాదిరి మెరుస్తాయి. ఆ సాయంత్రం యా ఇంటి ముందర నిలబడినా పులుసు వాసనే.”

“అన్నీ పట్టేస్తుంటిరా?”

“లేదు. నడిమధ్యన ఒక గుంత ఉంటుండె. దాంట్లో ఎవురూ చెయ్యి పెట్టకూడదు. అది విత్తనాల గుంత. మళ్ళీ వానొస్తే అవే చెరువంతా అయితాయి.”

చెబుతూ చెబుతూ నాయన ఆగిపోయాడు. ఆ పులుసు రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉన్నట్టు ఒకసారి గుటక వేశాడు. ఇంత పెద్ద మనిషి ఒక వేలెడు చేప కోసం ఇంతగా బెంగ పడడం ధరణి ఎప్పుడూ చూడలేదు.

బుక్కపట్నం చేరేసరికి ఎండ మండుతోంది. అవ్వ ఆదెమ్మ ఇంట్లో లేదు. పూజకు పిండి విసరడానికి పోయిందని పక్కింటి అమృత చెప్పింది. అమృతది ధరణి ఈడే. గంగమ్మకు ఇచ్చే చేప సంగతి ధరణి ఆమెకు వెంటనే చెప్పేసింది. నాయన స్నేహితులను పలకరించి వస్తానని వెళ్ళాడు.

ధరణి మూత తీసి చూసింది. నీళ్ళు వేడెక్కాయి. బుడంకాయ నోరు తెరుచుకుని పైకి తేలుతోంది.

“అయ్యో! సచ్చిపోతాదేమో!”

“ఇంటెనక దొన ఉండాది గదా,” అంది అమృత. “ఆడ నీళ్ళు సల్లగా ఉంటాయి. రేపటిదాకా దాంట్లో ఇడువు.”

ఇంటి వెనక పెద్ద బండలు. ఒక బండలో లోతుగా పడిన గుంతలో నీళ్ళు నిలిచాయి. అదే దొన. అంచుల్లో పచ్చటి గడ్డి, నీళ్ళలో మెత్తటి పాచి. అడుగున రాళ్ళు కూడా కనిపించేంత తేట.

“ఎండాకాలంలో మీ అవ్వ బోరు కాడ నుంచి బిందెలతో మోసి దీంట్లో పోస్తాది,” అంది అమృత. “ఎందుకో ఏమో.”

ధరణికి ఆ ఎందుకో అడిగే ఓపిక లేదు, పాచిలోకి తొంగి చూసే ఓపికా లేదు. బకెట్ వంచింది. బుడంకాయ జర్రున జారి పాచిలోకి దూరింది. ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

చీకటి పడే ముందు అవ్వ వచ్చింది. మనవరాలి బుగ్గలు పుణికి, “రేపు పొద్దున్నే నీకొకటి చూపిస్తా పాపా,” అంది.

“నేను కూడా నీకొకటి చూపిస్తా అవ్వా,” అంది ధరణి. ఇద్దరూ ఏమిటో చెప్పలేదు. ఇద్దరికీ తమ రహస్యం చూసుకుని మురిపెమే.

తెల్లవారగానే అవ్వ ధరణిని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నాయన వెనకే వచ్చాడు. అవ్వ నేరుగా దొన దగ్గరికే నడుస్తుంటే ధరణి లోలోపల నవ్వుకుంది. నా చేప సంగతి అవ్వకు ముందే తెలిసిపోయినట్టుంది అనుకుంది.

దొన అంచున అవ్వ ఆగిపోయింది.

నీళ్ళు బురద బురదగా ఉన్నాయి. పాచి అంతా చెదిరిపోయింది. గడ్డిపోచలు ఊడి పైన తేలుతున్నాయి. వాటి మధ్య నల్లటి తోక ఒకటి కదిలింది.

“ఇదేంది నాయనా!” అవ్వ వంగి గడ్డిపోచ ఒకటి తీసి చూసింది. “నా పక్కెలు... గడ్డికి గుడ్లు పెట్టింటాయే! నిన్న పొద్దున గూడా చూస్తి. గసగసాల మాదిరి అతుక్కోనింటాయి.”

నాయన గబుక్కున వంగాడు. “పక్కెలా? ఇంగా ఉండాయా అమ్మా?”

“చెరువులో యాడుండాయి! వానలు తప్పిపాయె, చెరువు ఏండ్లకేండ్లు ఎండి నెర్రెలిచ్చె. విత్తనాల గుంత గూడా ఇంకిపాయె. నీళ్ళొచ్చినాక పెద్ద చేపల పిల్లల్ని తెచ్చి ఇడ్సిరి. ఇయి మళ్ళీ రాలేదు. వీటి కోసం వచ్చే సన్న పిట్టలు గూడా రాలేదు. పాత బావి పూడ్చేటప్పుడు దాంట్లో కొన్ని కనపడితే కొంగులో వేసుకోనొచ్చి ఈడ ఇడ్సినా. ఈసారి చెరువు నిండినాది గదా, పిల్లలు లేస్తే గడ్డి ఉండే తావ చూసి ఇడుస్తామనుకొంటి.”

అవ్వ బండ మీద కూర్చుండిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే ధరణి దగ్గరికి వచ్చింది.

“అవ్వా... అది నా బుడంకాయ. నేనే ఇడ్సినా.”

అవ్వ తిడుతుందని ధరణి తల వంచుకుని నిలబడింది.

“దానికేం తెల్సులే,” అంది అవ్వ చివరికి. “ఆకలైంది, తినింది. ఫస్టు దాన్ని బయటికి తీద్దాం, పా.”

అవ్వ గంప తెచ్చింది. ధరణి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది. బుడంకాయ ఒకసారి చేతికి తగిలి జారిపోయింది. ఇంకోసారి గంప కిందనుంచే తప్పించుకుంది. బట్టలంతా బురద. ఎట్టకేలకు నాయన ఒకవైపు నుంచి అదిలిస్తే ధరణి గంప ఎత్తింది.

గంపలో బుడంకాయ కొట్టుకుంటోంది. దాని పక్కన ఇంకోటి, వేలెడే, తళతళమంటూ ఎగురుతోంది. “పక్కె!” అన్నాడు నాయన.

ధరణి దాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుంది. ఒక్క క్షణం మాత్రమే. మెల్లగా నీళ్ళలో వదిలింది. బుడంకాయను బకెట్‌లో వేసింది.

దొన చివర రాయి చీలికలో ఒక గడ్డిదుబ్బు మిగిలింది. అవ్వ దాని మీదికి వంగి చాలాసేపు చూసింది. “కొన్నుండాయి పాపా,” అంది.

ధరణి కూడా వంగి చూసింది. నిజంగా గసగసాలే.

నాయన ఫోన్‌లో ఏదో చదువుతున్నాడు. “బుడంకాయ మూరెడు దాకా పెరుగుతాదంట. పిల్లలు గూడా బాగా పెడతాదంట.”

ధరణి తలెత్తి చూసింది. బండల అవతల చెరువు. ఈ దరి నుంచి ఆ దరి కనిపించనంత నీళ్ళు.

“నాయనా, ఆ చెరువులో అయితే గంపతో పట్టలేం గదా?”

నాయన లేదన్నట్టు తలూపాడు.

ధరణి ఫోన్ తీసుకుని అమ్మకు చేసింది. “అమ్మా, బుడంకాయ మళ్ళీ ఇంటికే వస్తాది. టీవీ కాడ కాదు. పెరట్లో పగిలిన సిమెంటు తొట్టి ఉండాది గదా, నాయన అతికిస్తాడంట. నీళ్ళు నేనే మారుస్తా. రోజూ నేనే.” అవతల అమ్మ ఏమందో కానీ ధరణి చెవి నుంచి ఫోన్‌ను కొంచెం దూరంగా పెట్టుకుంది. “సరే అమ్మా. సరే. మాటిస్తాండా,” అంది.

పూజ అవగానే అటునుంచి అటే బస్సు ఎక్కాలి. అందుకని బకెట్ కూడా మరువ దగ్గరికి వచ్చింది. నీళ్ళు తెల్లగా పొర్లుతున్నాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు చల్లారు. చీరను నీళ్ళ మీద పరిచారు. అమృత ఊరికే ఉంటుందా? పట్నం పాప గంగమ్మకు చేపను ఇస్తుందని ఊరి పిల్లలందరికీ చెప్పి పెట్టింది. అందరూ చుట్టూ మూగారు.

“రా పాపా, ఇడువు,” అన్నాడు పూజ చేయిస్తున్న పుల్లన్న తాత.

ధరణి కదల్లేదు.

“ఇడువే!” అన్నారు పిల్లలు.

“ఇడువను,” అంది ధరణి.

ఎవరో కిసుక్కున నవ్వారు. “ఏం పాపా, గంగమ్మకు ఇచ్చేకి మనసు రాలేదా?” అన్నాడు పుల్లన్న తాత.

ధరణి ముఖం ఎర్రబడింది. అవ్వ వైపు చూసింది.

“మనసు వచ్చినాది తాతా,” అంది ధరణి. “అందుకే ఇడ్సలేదు.”

పుల్లన్న తాతకు అర్థం కాలేదు. దొనలో పక్కెల గుడ్లకు పట్టిన గతిని అవ్వ ఆయనకు చెప్పడం మొదలుపెట్టింది.

ధరణి బకెట్ ఎత్తుకుని జనంలోంచి బయటికి నడిచింది. నీళ్ళ బరువుకు చెయ్యి లాగుతోంది. నాయన పట్టుకుంటానంటే ఇవ్వలేదు. కట్ట పొడవునా ఒకపక్క చెరువు నిండుగా మెరుస్తూనే ఉంది. ఆ పక్కన ఎక్కడా ధరణి బకెట్‌ను కింద పెట్టలేదు. కట్ట దిగి, రోడ్డు మీదికి వచ్చాకే చెయ్యి మార్చుకుంది.