ఆపరేషన్ పత్తి గింజ

సీతాఫల్‌మండిలో చర్చి వదిలిన జనం ఇంకా రోడ్డు మీదే ఉన్నారు. నంబర్ ప్లేటు లేని జీపు డాక్టర్ దేవకృపను గుద్దింది. ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ ఎక్కించింది. పొరపాటైతే ఒక్కసారే జరుగుతుంది. ఇది హత్య.

అదే సమయానికి బొల్లారంలో ఆమె పత్తి మడి తగలబడింది. ల్యాబ్‌లో విత్తనాలు మాయమయ్యాయి.

"ఐజాక్, గీ కేసుల నువ్వు లేవు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ హరికిషన్. "పోయింది నీ సొంత అక్క. నీ చేతిల పిస్టల్ పెడితే ఏమైతదో నాకెర్కే."

"నాక్కూడ ఎర్కే సార్. అందుకే నాకియ్యండి."

హరికిషన్ నిట్టూర్చి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. దేవకృప జీవితమంతా పత్తి మొక్కలను సంకరపరిచింది. సాయంత్రం మొగ్గలో కేసరాలు తీసేసి ఎర్ర కాగితం సంచి తొడగడం, పొద్దున్నే మరో మొక్క పుప్పొడి అద్దడం. చివరికి పొడవైన, తెగని దారమిచ్చే పత్తి పుట్టింది. పురుగు దాని జోలికి రాదు. రైతు తన గింజలు తనే దాచుకుని మళ్ళీ విత్తుకోవచ్చు. 'స్పిండిల్' అనే విదేశీ విత్తనాల ముఠాకు మింగుడుపడనిది అదే. రైతు ఏటా కొనకపోతే వాళ్ళ దుకాణం బంద్!

"జీపు నడిపినోడు ఇవాన్, స్పిండిల్‌కు ఇక్కడి మనిషి. దునియాల మిగిలిన గుప్పెడు గింజలు వాని దగ్గర్నే ఉన్నయ్. ఇయాల స్పిండిల్ పంపిన ఫారిన్ మనిషికి అప్పజెప్తడు. అవి ప్రాణంతో కావాలె."

"ఇవాన్?"

"వాడు సుత ప్రాణంతోనే."

ఐజాక్ పిస్టల్ తీసుకుని నడుముకు దోపుకున్నాడు.

రాంగోపాల్‌పేట్ బట్టల దుకాణంలో గోరింట గడ్డం ముసలాయన వేషంలో అతను కూర్చుని ఉండగా మేబెల్ వచ్చింది. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. ఆమెకు స్పిండిల్ జీతమిచ్చేది, హరికిషన్ కూడా ఇచ్చేవాడు. ఆమె ఎవరిని ఎవరికి అమ్ముతోందో ఇద్దరికీ తెలియదు.

"ఈ తెల్ల చీర మీద మరక పడితే పోతదా?"

"రక్తం మరకైతే పోదు మేడమ్."

కోడ్ కుదిరింది. ఆమె గొంతు తగ్గించింది. "బొల్లారంల మూతబడిన సీడ్ ప్లాంటు. ఇవాన్ ఒక్కడే ఉన్నడు."

"నిన్నెట్ల నమ్మాలె?"

"నన్ను నమ్మకు. లొకేషన్ నమ్ము."

ఆటోలోనే గడ్డం పీకేశాడు ఐజాక్. ప్లాంటు బయట, ఒంటి వేడిని పట్టే థర్మల్ కళ్ళజోడు పెట్టుకుని పగిలిన కిటికీలోంచి చూస్తే లోపల ఒక్క మనిషే కనిపించాడు. తలుపు తన్నాడు.

బల్ల మీద రేకు డబ్బా. పక్కన ప్లాస్టిక్ టబ్బు నిండా యాసిడ్. ప్లాంటులో మిగిలిన క్యాన్లు చూసి ఇవానే నింపి పెట్టుకున్నాడు. సీడ్ ప్లాంటులో యాసిడ్ ఎందుకుంటుందని మాత్రం ఆలోచించలేదు.

"జీపు వెనక్కెందుకు తీసినవ్ రా?" పిస్టల్ ఎత్తాడు ఐజాక్.

"ఊపిరి ఆడుతుండె. పని పూర్తి చెయ్యాలె గద."

ఐజాక్ వేలు బిగిసింది. అంతలో ఇవాన్ డబ్బాను టబ్బులోకి బోర్లించాడు. గుప్పున పొగ లేచింది. "తేలేకపోతే నాశనం చెయ్యమన్నరు. ఇగ కాల్చుకో. మీ అక్క ఖతం, ఆమె పత్తి సుత ఖతం!"

గింజల మీది తెల్లనూగు నల్లబడుతోంది. ఐజాక్‌కు ఒళ్ళంతా కసి. ఒక్క బుల్లెట్ చాలు. కానీ విత్తే ముందు పత్తి గింజకు నూగు పోగొట్టేదే యాసిడ్‌తో! అక్క వరండాలో ఆ పని చేస్తూ నీళ్ళు తెమ్మని అతని మీద అరిచేది. గింజ కాఫీ రంగుకు తిరగ్గానే కడగాలి. ఆలస్యమైతే లోపలి మొలక చస్తుంది.

బండబూతు తిడుతూ పిస్టల్ విసిరేశాడు. మూలనున్న ప్లాస్టిక్ జల్లెడలోకి టబ్బు వంచి, గింజలను నీళ్ళ డ్రమ్ములో గుమ్మరించాడు. యాసిడ్ చుక్కలు ముంజేతులు కాల్చాయి. వెనక ఇవాన్ పరిగెత్తుతున్న చప్పుడు. అక్కను చంపినవాడికి వీపు చూపించాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చింది. అయినా కడుగుతూనే ఉన్నాడు.

గుమ్మంలో మేబెల్.

"బండి షురూ చెయ్, జల్ది!" అరిచాడు ఇవాన్.

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సెంటు సీసా తీసి, అందులోని మత్తుమందు వాడి ముఖాన కొట్టింది. ఇవాన్ మొదలు నరికిన చెట్టులా పడ్డాడు.

"ఎవరు గెలుస్తరో చూసి డిసైడ్ అవుదమనుకున్న," అంది ఆమె. "గింజలు బతికినయా?"

డ్రమ్ము అడుగున గింజలు నున్నగా మెరుస్తున్నాయి. చచ్చి పైకి తేలినవి నాలుగైదే. ఐజాక్ తల ఊపాడు.

ఇవాన్ కళ్ళు తెరిచేసరికి చేతులకు బేడీలున్నాయి. మేబెల్ కింద పడున్న పిస్టల్ తీసి ఐజాక్‌కు అందించింది. "ఇప్పుడైతే ఎవరు చూస్తలేరు."

ఐజాక్ దాన్ని చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత జేబులో పెట్టి ఇవాన్ పక్కన కూర్చున్నాడు.

"మా అక్క విత్తే ముందు చేసే పని నువ్వే చేసిపెట్టినవ్. ఇవి నాటిస్త. పంట తీయిస్త. ఆ నూలుతోనే జైల్ల నీకు చొక్కా నేయిస్త."

ఇవాన్ ముఖం తిప్పుకున్నాడు.

"చిరుగుతదని ఆశ పెట్టుకోకు. మా అక్క పత్తి అది. నీ యావజ్జీవం మొత్తం వస్తది."