పుంటికూర మడిలో పిల్లులు

"ఓ సారూ, జర కిందికి దిగుండ్రి! మీ చుట్టాలొచ్చి పోయిండ్రు."

ప్రణీత్ రెండో అంతస్తు బాల్కనీలోంచి తొంగి చూశాడు. విజయవాడ నుంచి సూరత్ వచ్చి ఐటీ ఉద్యోగంలో కొత్తగా చేరినవాడు. కోసాడ్‌లోని ఆ సొసైటీలో తెలుగు మాట వినబడటమే భాగ్యమనుకుని, తల దువ్వుకుని మరీ దిగాడు.

కింది ఫ్లాట్ హిమశ్రీ పారతో తన పుంటికూర మడిని, ప్రణీత్ భాషలో గోంగూర మడిని, చూపించింది. పరిచిన కొబ్బరిపీచు చెల్లాచెదురైంది. మధ్యలో పిల్లి పెంట.

"ఇవి... నా చుట్టాలా అండి?"

"పొద్దుగాల పాలు పోసేదెవరు? నీ గిన్నెల తాగుతయి, నా మడిల కూసుంటయి."

"మూగజీవాలండి. కాస్త జాలి..."

"గంత జాలుంటే నీ బెడ్రూంల మట్టి పొయ్యి. ఆడనే కూసుంటయి."

అతను సారీ చెప్పాడు. అందులో మంచి అనుభవం ఉన్నట్టుంది, ముఖం కూడా సరిగ్గా అలాగే పెట్టాడు. హిమశ్రీకి నవ్వొచ్చింది. కోపంలో నవ్వు రావడం ఆమెకు అస్సలు నచ్చదు. అందుకే ఇంకో నాలుగు తిట్టింది.

మర్నాడు ప్రణీత్ నెట్‌లో చదివి మడి నిండా నారింజ తొక్కలు చల్లాడు. ఆ వాసనకు పిల్లులు పారిపోతాయట. పిల్లులు తొక్కల్ని పక్కకు నెట్టి పని కానిచ్చాయి. తర్వాత కాఫీ పొడి చల్లాడు.

"మంచిగ చేసినవ్," అంది హిమశ్రీ. "పండ్లయినయి, కాఫీ అయింది. ఇగ పేపర్ గూడ తెచ్చియ్యి, కూసోని చదువుకుంటయి."

ఆదివారం సొసైటీ ప్రముఖ్, అంటే అధ్యక్షుడు, లక్ష్మీరాజం ముక్కు మూసుకుని వచ్చాడు. "కంపు కొడ్తుంది. మడి తీసేసి సిమెంట్ పోపిస్త. బండ్లు పెట్టుకోవచ్చు." ఆ చోటు మీద, తన స్కూటర్ తరఫున, ఆయనకు ఎప్పటినుంచో కన్నుంది. పిల్లులు మంచి సాకుగా దొరికాయి.

హిమశ్రీ మడికి అడ్డంగా నిలబడింది. ఇటుక ముక్కలు ఏరి, మట్టి మోసి, ఆ మడి చేసింది తల్లి కోసం. పద్మారాణి ఏళ్ల తరబడి బట్టల మిల్లులో లూమ్ మగ్గం దగ్గర నిలబడి మోకాళ్లు అరిగినామె. సాయంత్రం ఆ పచ్చదనం పక్కన కుర్చీ వేసుకోవడమే ఆమెకున్న షికారు.

హిమశ్రీ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకోవడం ప్రణీత్ చూశాడు.

"వచ్చే ఆదివారం దాకా ఆగండి," అన్నాడు. "అప్పటికీ ఇలాగే ఉంటే సిమెంట్ బస్తాలు నేనే మోస్తాను."

"పాల ప్యాకెట్ మోస్తెనే వొంగిపోతవ్," అంది హిమశ్రీ. గొంతులో పదును మాత్రం లేదు.

ఇద్దరూ కలిసి పీచు ఎత్తారు. పిల్లికి తవ్వడానికి మెత్తటి పొడి మట్టి కావాలి, అది దొరక్కూడదు. మొక్కల మధ్య కోళ్ల గూటి జాలీ పరిచి, పైన పల్చగా పీచు కప్పారు. అంచుల్లో రేగుకంప గుచ్చారు. పాపం వాటికీ ఒక చోటు కావాలని, ప్రణీత్ ప్రహరీ మూల పాత టబ్బులో ఇసుక పోసి, వాన పడకుండా పైన ఎత్తుగా రేకు కట్టాడు. రోజూ మెడలో ఐడీ కార్డుతో, ఇస్త్రీ చొక్కాతో ఆ ఇసుక శుభ్రం చేసి ఆఫీసుకు పోయేవాడు. హిమశ్రీ కిటికీలోంచి చూసి నవ్వేది. రానురాను నవ్వడం మానేసి చూసేది.

ఆదివారం వాన. లక్ష్మీరాజం గొడుగేసుకుని కాపలా నిలబడ్డాడు. తల్లిపిల్లి వచ్చి జాలీ మీద కాలు పెట్టింది, చిరాగ్గా విదిల్చింది, తోక లేపుకుని టబ్బు వైపు నడిచింది.

"పిల్లులను గూడ బెదిరిచ్చిండ్రు," అని గొణిగి ఆయన వెళ్లిపోయాడు.

హిమశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. ప్రణీత్ వానలో.

"ఇక నా పని అయిపోయినట్టేనా?"

"గట్లెట్ల? ఆ ఇసుక ఎవరు తీస్తరు?"

"ఉండమంటే ఉంటానండి. పిల్లుల కోసం కాదు."

"పుంటికూర కోసమా?"

"మీ కోసం."

వాన చప్పుడుకు సగం మాటే చేరింది. ఆమెకు అది చాలు, కానీ వదల్లేదు.

"గట్టిగ చెప్పు. లూమ్ మోతకు మా అమ్మ చెవులు పోయినయి."

"నాకు మంచిగనే వినవడ్డది," అంది లోపలినుంచి పద్మారాణి. "పిలగాడు తడుస్తుండు, లోపలికి పిలువు. ముందుగాల చేతులు కడుక్కొమ్మను."