ఎత్తు బండి

తెల్లవారగానే బకెట్టు నీళ్లతో బండి కడగడం మొదలుపెట్టాడు మెకానిక్. నిన్నా కడిగాడు. రాళ్లూ గుట్టలూ ఎక్కేలా పాత ట్రక్కుకి పెద్ద చక్రాలు వేసి, ఎత్తు పెంచి, ఏళ్ల తరబడి సెలవులన్నీ ధారపోసి తయారుచేసిన బండి అది. వీధిలో అందరూ దాన్ని 'ఏనుగు' అంటారు.

షెడ్డులో పని సగానికి పడిపోయింది. నిచ్చెన మీంచి పడి నడుము విరిగిన భార్య చక్రాల కుర్చీలో ఉంది. ఆసుపత్రికి వెళ్లాలంటే ప్రతిసారీ ఎవరినో బతిమాలి కారు తెచ్చుకోవాలి. ఏనుగును అమ్మితే ఎత్తు తక్కువ వ్యాను ఒకటి వస్తుంది. ఆ సంగతి భార్యకు చెప్పడానికే అతనికి నోరు రాలేదు.

"నాన్నా! బండి కొంటామన్నవాళ్లు దారి అడుగుతున్నారు!" ఫోను పట్టుకుని లోపల్నుంచి అరిచింది కూతురు.

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది. భార్య కుర్చీ గుమ్మం దాకా వచ్చింది.

"ఎవరు వస్తున్నారు?"

"ఎవరో... ఊరికే చూసిపోతారట."

"ఊరికే చూసిపోవడానికి ఇదేమన్నా జూనా? అమ్మేస్తున్నావు, అంతేగా? నాతో మాటమాత్రం అనకుండా!"

"చెబితే బాధపడతావని. ఎక్కలేని బండి రోజూ కళ్లెదురుగా..."

"అందులో వైర్లన్నీ లాగి బిగించిందెవరు, నేను కాదూ? నడుం విరిగింది గానీ నాకు నోరు పడిపోలేదు."

"నీకోసమే కదే..."

"ఆ మాటే వద్దు! పడ్డప్పట్నుంచీ అన్నీ నాకోసమే. నాకోసం స్నేహితుల్ని మానేశావు, నవ్వడం మానేశావు, ఇప్పుడు బండి. ఇంత బరువు నా నెత్తిన పెడితే ఎలా మోసేది? ఆ బండిని చూడలేకపోతున్నది నువ్వు. నేను కాదు."

అతను తడి చేతులతోనే మెట్టు మీద కూలబడ్డాడు.

"నిజమే," అన్నాడు చివరికి. "అలసిపోయానే."

"ఆ ముక్క ముందే అనొచ్చుగా." ఆమె గొంతు మెత్తబడింది. "నేనూ అలసిపోయా. అమ్ముదాం. ఇద్దరం కలిసి అమ్ముదాం."

కొనడానికి వచ్చినాయన బండి చుట్టూ తిరిగి, "ఇంత మంచి బండి ఎందుకమ్ముతున్నారు?" అని అడిగాడు. మెకానిక్ గొంతు సవరించుకునేలోపే ఆమె అందుకుంది.

"మాకిప్పుడు కిందికుండే బండి కావాలండీ."

తర్వాత ఏ స్విచ్చు దేనికో వివరించింది. వానకు ఏ దీపం మొరాయిస్తుందో కూడా దాచలేదు. భర్త బానెట్టు ఎత్తి పట్టుకుంటే, "అటు కాదయ్యా, ఎడమపక్క!" అని కసిరింది. షెడ్డులో ఇద్దరూ కలిసి పనిచేసే రోజుల్లో అతను రోజూ విన్న గొంతు అది.

బేరం కుదిరింది. కొన్నాయన తోలుకెళ్తున్న బండి వీధి మలుపు తిరిగింది. చప్పుడు వినబడటం ఆగాక ఆమె భుజాలు కదలడం మెకానిక్ చూశాడు. 'ఊరుకో' అనబోయి ఆగాడు. కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె ఒడిలో తలపెట్టి తనూ ఏడ్చాడు. ఆమె పడిన తర్వాత ఒకరి ఎదుట ఒకరు ఏడవడం అదే మొదటిసారి.

చాలాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుంది.

"లే. ఆకలేస్తోంది."

ఎన్నాళ్లకో ఆమె నోట ఆ మాట విని, అతను కళ్లైనా తుడుచుకోకుండా వంటింట్లోకి పరిగెత్తాడు.