ఎంగిలి లేని సన్నాయి

మేఘగిరి రాజ్యంలో ఆ ఏడు గొంతునులిమి అనే భూతం పడింది. మొదట గుడి సన్నాయి మేళంవాళ్లు, ఆ తర్వాత వాళ్ల ఇళ్లవాళ్లు గొంతు వాచి, జ్వరంతో మంచాన పడ్డారు. మేళంలోని పన్నెండుమందిలో నలుగురు పోయారు. మేళం పెద్ద ఓబులయ్యకు మూడు రోజులుగా మంచినీళ్లు కూడా దిగడం లేదు. భూతం ఎక్కడ దాగిందో తెలియక రాజుగారి కత్తులు ఒరల్లోనే ఉండిపోయాయి.

ఓబులయ్య కూతురు నాంచారి దివ్యాంజనం కోసం అడవికి బయలుదేరింది. ఆ కాటుక పెట్టుకుంటే కంటికి ఆననివి కనబడతాయట.

అడవి మొదట్లోనే పులి అడ్డం వచ్చింది.

"ఏం పిల్లా, నిన్ను తిననా?"

"తిను. మా ఇంట్లో గొంతు జబ్బుంది. నాకూ అంటిందో ఏమో, నాకైతే తెలీదు."

పులి రెండడుగులు వెనక్కి వేసి దారి వదిలింది.

తర్వాత జారుడు కొండ. నాంచారి గోళ్లు అరిగేలా పాకి ఎక్కింది. కొండ కొమ్మున ఒక ముని కాటుక నూరుతున్నాడు.

"భూతాన్ని చంపే మంత్రం కావాలా?"

"ముందు అదెక్కడుందో చూడాలి, తాతా."

ముని చిటికెడు కాటుక ఆకులో పెట్టిచ్చాడు. "నువ్వు చూసింది చెబితే మీవాళ్లు నమ్మరు. కాస్త మిగుల్చుకో."

ఊరు చేరి కాటుక పెట్టుకుని నాంచారి ఇల్లూ బావీ వెతికింది. ఎక్కడా ఏమీ లేదు. చివరికి గుడి సన్నాయి చూసింది. నోట పెట్టుకుని ఊదే దాని పీక మీద, ఆవగింజలో వెయ్యోవంతు లేని భూతాలు కిక్కిరిసి ఉన్నాయి.

"పన్నెండు నోళ్లకు ఒక్క పీక! మాకింకో కోటెందుకు?" అని ఇకిలించాయవి.

మేఘగిరిలో ఒకరు తాగిన చెంబు ఇంకొకరు ముట్టరు. ఆ సన్నాయికి మాత్రం ఎంగిలి అంటదని, కడిగితే దేవత అలుగుతుందని, తాతలనాటి నుంచీ చేతులు మార్చుకుంటూ ఊదేవారు.

నాంచారి సన్నాయిని మరిగే నీళ్లలో వేయబోతే పూజారి అడ్డుపడ్డాడు.

"దేవుడి వాద్యానికి ఎంగిలేమిటే, పిచ్చిదానా!"

ఆమె ఆకు చాచింది. ఆయన వేలితో కాటుక తీసి కంటికి రాసుకుని, సన్నాయి వైపు వంగి చూశాడు.

"ఛీ ఛీ! వెయ్యవే, ఇంకా నిలబడ్డావేం!"

నీళ్లలో భూతాల కూత అణిగింది. సాయంత్రానికి ఓబులయ్య గంజి అడిగాడు.

ఎవరి పీక వారిదేనని, ఊదాక వేడినీళ్లలో కడగాలని, జబ్బుపడ్డవాడు మేళానికి రాకూడదని రాజు చాటింపు వేయించాడు. నాంచారిని కొడుక్కి చేసుకున్నాడు. పెళ్లిలో ఓబులయ్యే సన్నాయి ఊదాడు, తన సొంత పీకతో. ఊపిరి చాలక మధ్యలో రెండుసార్లు ఆగాడు. ముహూర్తం దగ్గర పడుతున్నా పూజారి సైతం తొందరపెట్టలేదు.