పువ్వు కలుపుకున్న పిల్ల

మెట్ల మీద పడి స్పందన నుదురు చిట్లింది. మెడ నిలవాలని బాపమ్మ లింగమ్మ ఆ పిల్ల మెడకు చుట్టిన తువ్వాల పట్టీ ఇంకా అలాగే ఉంది. విజయశ్రీ బిడ్డను ఒళ్లోకి తీసుకుని దాన్ని విప్పేసింది. విప్పీ విప్పగానే ఏడేళ్ల పిల్ల తల ఎప్పటిలాగే కుడి భుజం మీదికి వాలిపోయింది...

"విప్పకే. ఆ మెడ నిలవడాలె," అంది అత్త లింగమ్మ. "పురిట్ల పిల్లను ఒక్క దిక్కే పండవెడితివి. పోగు వంకర పోతె మొదట్లనే సరిజేయాలె. ఇప్పుడు నేను సరిజేస్తుంటె నీకు నొప్పా?"

లింగమ్మ పోచంపల్లిలో మగ్గం మీద బతికిన మనిషి. కొడుకు నరేష్‌కుమార్ దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో కుదిరాక, ఎల్బీనగర్‌లో కిరాయి ఇంటికి వచ్చింది. ఎవరు గడప తొక్కినా కోడలు పిల్లను పండబెట్టిన తీరే చెప్పేది. వినీ వినీ విజయశ్రీ కూడా నమ్మేసింది. నా చేతులతోనే బిడ్డ మెడ వంచేశానా అని ఎంత కుమిలిపోయిందో... కానీ ఈ రోజు రక్తం చూశాక ఆగలేకపోయింది.

"దవాఖానకు పోతున్న అత్తమ్మా."

"నేనూ ఒస్త. ఏం జెప్తరో నా చెవుల్తోనే వింట."

నుదుటికి కుట్లు వేసిన డాక్టరు పిల్ల తల వాలు చూసి, కళ్ల డాక్టరు వేదవతి దగ్గరికి పొమ్మన్నాడు. "మెడకు కండ్ల డాక్టరేంది?" అని లింగమ్మ గొణిగింది. వేదవతిది కాకినాడ మాట. ఆ ఆంధ్రా యాస విని లింగమ్మ ఇంకా ముడుచుకుంది.

వేదవతి పిల్ల తలను నిలబెట్టి, మెల్లగా ఎడమ భుజం వైపు వంచింది. బిడ్డ ఎడమ కంటి గుడ్డు దానంతటదే పైకి జారిపోయింది... కుడి వైపు వంచగానే దిగివచ్చి రెండో కంటితో జోడు కలిసింది. ఏడేళ్లుగా ముద్దాడిన కళ్లు. ఒక్కనాడైనా ఇది గమనించిందా తను, విజయశ్రీ?

"లైట్లు ఎన్ని నాన్నా?" తల నిలబెట్టి అడిగింది వేదవతి.

"రెండు."

కుడికి వాల్చి మళ్లీ అడిగింది.

"ఒకటి. అందరికి గంతే గద?"

వేదవతి నవ్వలేదు. "ఇది మెడ జబ్బు కాదమ్మా. ఆ కంటిని కిందికి దించే చిన్న కండరానికి పుట్టుకతోనే బలం లేదు. అందుకే ఒకటి రెండుగా కనిపిస్తుంది. తల వాల్చితే ఒకటవుతుందని ఈవిడగారు తనంతట తానే కనిపెట్టుకుంది. ఎవరి పెంపకం వల్లా రాలేదు. మెడ నిలబెట్టి నడిపిస్తే మెట్లు కూడా రెండేసి కనిపించవూ, పడదూ మరి?"

లింగమ్మ వంగి పిల్ల వాలిన తలను చూసింది. మగ్గం మీద చీర నేసేటప్పుడు అడ్డంగా వేసే పేక పోగు జరిగి, రంగుల పువ్వు రెండుగా చీలితే, పోగును రవ్వంత పక్కకు గుంజి కలుపుతారు.

"పువ్వు కలుపుకుంటున్నదా పోరి..." అంది చిన్నగా. "నాకు మా అమ్మ నేర్పింది. దీనికెవరు నేర్పిండ్రే విజయా?"

కంటిని పైకి లాగే మరో కండరాన్ని కాస్త సడలిస్తే జోడు కుదురుతుందని వేదవతి చెప్పింది. ఆపరేషన్ నాటికి సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమకారులు నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. నరేష్ బిడ్డను ఎత్తుకుంటే లింగమ్మ ముందు నడిచింది.

"జర తొవ్వ ఇయ్యుండ్రి కొడుకా. పిల్లకు కంటి ఆపరేషన్."

జెండా పట్టిన యువకుడు పక్కకు జరిగాడు. "జై తెలంగాణ అను పాపా."

స్పందన గట్టిగా అంది. లింగమ్మ ఆమె చెవిలో, "డాక్టరమ్మ ముంగట అనకే, సూది గట్టిగ గుచ్చుతది," అంది. ఇంటిల్లిపాదీ నవ్వి చాలా కాలమైంది. రోడ్డు మధ్యలో నవ్వారు.

ఆపరేషన్ మర్నాడు కట్టు విప్పారు. కన్ను ఎర్రగా ఉంది. స్పందన మెల్లగా తల నిలబెట్టింది. నిలబెట్టి అమ్మను చూసింది, నాన్నను చూసింది, బాపమ్మ దగ్గర ఆగిపోయింది.

"బాపమ్మా, ఇంకో బాపమ్మ ఏది?"

విజయశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింగమ్మ మాత్రం పిల్ల వైపు కాదు, కోడలి వైపు చూస్తూ జవాబిచ్చింది.

"పోయింది బిడ్డా. మీ అమ్మను అనరాని మాటలన్నది గామెనే. ఇగ రాదు."